ప్రవాసంలో ఐన్‌స్టీన్‌కు ఏది మేలు చేసింది: వయొలినా, తెరచాప పడవా?

ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 1932 డిసెంబరులో జర్మనీ విడిచి వెళ్ళారు. 1955 ఏప్రిల్ 18న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ప్రిన్స్‌టన్‌లో కన్నుమూసేదాకా ఆ గడ్డ మీద మళ్ళీ కాలు పెట్టలేదు. ఈ ఇరవై రెండేళ్ళ ప్రవాసం గురించి రాసేవారిలో ఎక్కువమంది ఆయన సిద్ధాంతాల దగ్గరో, అణ్వాయుధాల దగ్గరో ఆగిపోతారు. పని పక్కన పెట్టాక ఆ మనిషి దేనితో సేదదీరేవారు అని వెతికితే మాత్రం రెండు పెద్ద వ్యాపకాలు కనిపిస్తాయి. ఒకటి వయొలిన్, రెండోది తెరచాప పడవ. పుట్టిన దేశానికి దూరమైన మనిషికి ఈ రెండింటిలో ఏది ఎక్కువ ఆసరా ఇచ్చింది అన్నది నేను మనసు పెట్టి ఆలోచించిన ప్రశ్న. నా మొగ్గు వయొలిన్ వైపే అయినా, పడవ పక్షాన చెప్పవలసింది చాలా ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

పడవ నడపడం ఆయనకు జూరిక్‌లో విద్యార్థిగా ఉన్న రోజుల్లో పట్టుబడింది. గాలి వీస్తున్నంతసేపూ తెరచాప చూసుకోవడం, గాలి పడిపోగానే వెంట తెచ్చుకున్న నోటుపుస్తకం తీసి లెక్కలు వేసుకోవడం అప్పటి నుంచే అలవాటు. ఆయనకు పందేల మీద ఆసక్తి లేదు, వేగం మీద మోజు లేదు. మోటారు బిగించుకోమంటే ఒప్పుకునేవారు కాదు. ఈత రాదు, అయినా లైఫ్‌జాకెట్ తొడుక్కునేవారు కాదు. ఆ మొండితనాన్ని నేను మెచ్చుకోలేను గానీ, దాని వెనుక ఉన్న కోరిక మాత్రం అర్థమవుతుంది: నీటి మీద ఉన్న ఆ కాసేపైనా ఎవరి పర్యవేక్షణా, ఏ యంత్రపు చప్పుడూ లేకుండా గడపాలన్నదే ఆయనకు కావలసింది.

1928లో గుండె జబ్బుతో కుప్పకూలి నెలల తరబడి మంచం పట్టిన తర్వాత ఈ వ్యాపకం విలువ మరింత పెరిగింది. మరుసటి ఏడాది యాభయ్యో పుట్టినరోజుకు మిత్రులు కలిసి ఒక పడవను బహూకరించారు. పేరు ట్యూమ్లర్, పొడవు సుమారు 7 మీటర్లు, తెరచాప వైశాల్యం 20 చదరపు మీటర్లు. అదే ఏడాది బెర్లిన్‌కు నైరుతిలో, పోట్స్‌డామ్ దగ్గరి కాపుట్ గ్రామంలో, కొన్రాడ్ వాక్స్‌మన్ అనే యువ వాస్తుశిల్పి గీసిన చెక్క ఇల్లు కూడా సిద్ధమైంది. ఆ ఇంటికి టెలిఫోన్ పెట్టించుకోలేదు. దిగువన టెంప్లీనర్ సరస్సు, ఒడ్డున పడవ. ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖం గల మనిషికి, ఫొటోగ్రాఫర్లూ పత్రికలవారూ వెంబడించలేని చోటు అదొక్కటే. శరీరానికి విశ్రాంతి, కళ్ళకూ చేతులకూ తగుమాత్రం పని, మనసుకు ఏకాంతం: ఈ మూడూ ఒకేసారి దొరికేది పడవలోనే. ఈ ఒక్క విషయంలో వయొలిన్ దానికి సాటి రాదని ఒప్పుకోక తప్పదు.

అయితే ఆ సుఖం నిలిచింది నాలుగు వేసవులే. 1933లో నాజీ ప్రభుత్వం ఆ పడవను జప్తు చేసి, తర్వాత అమ్మేసింది. యుద్ధం ముగిశాక దాని ఆచూకీ కోసం ప్రయత్నం జరిగింది కానీ పడవ దొరకలేదు. పడవకు ఒడ్డు కావాలి, కట్టడానికి రేవు కావాలి, ఆ రేవు మీద హక్కు కావాలి. ఈ మూడూ పాలకుల దయ మీద ఆధారపడినవే. ప్రవాసానికి పోయే మనిషి వెంట రాలేని వస్తువు అది.

వయొలిన్ సంగతి వేరు. పెట్టెలో పెట్టి చేత పట్టుకుంటే చాలు, ఎల్లలు దాటుతుంది. తల్లి పౌలీనా చక్కని పియానో వాద్యకారిణి. ఆమె పట్టుదల వల్ల ఆరేళ్ళ వయసులో పాఠాలు మొదలయ్యాయి. యాంత్రికంగా సాధన చేయించే గురువుల దగ్గర కొన్నేళ్ళు ఇష్టం లేకుండానే గడిచాయి. పదమూడో ఏట మొజార్ట్ సొనాటాలు చేతికి వచ్చాకే ఆ వాద్యం మీద నిజమైన ప్రేమ పుట్టింది. జర్మనీని ఆయన తొలిసారి వదిలింది పదిహేనేళ్ళకే. తల్లిదండ్రులు ఇటలీ వెళ్ళిపోతే తానూ చదువు మధ్యలో మానేసి వారి దగ్గరికి చేరుకున్నారు. ఆ వెంటనే స్విట్జర్లాండ్‌లోని ఆరౌ పట్టణంలో చదివినప్పుడు, 1896లో సంగీత పరీక్షకు వచ్చిన అధికారి బేతోవెన్ సొనాటాలోని ఒక నిదాన భాగాన్ని ఈ కుర్రవాడు లోతైన అవగాహనతో వాయించాడని తన నివేదికలో ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. పరాయి ఊళ్ళో కొత్తగా చేరిన విద్యార్థికి మొదటి గౌరవం తెచ్చిపెట్టింది భౌతికశాస్త్రం కాదు, ఈ వాద్యమే.

1933 వసంతంలో బెల్జియం తీరాన డి హాన్ గ్రామంలో తలదాచుకున్నప్పుడూ అంతే. ఆ దేశపు రాణి ఎలిజబెత్ స్వయంగా వయొలిన్ వాద్యకారిణి. 1929 నుంచే వారిద్దరూ కలిసి వాయించేవారు. ఇల్లూ ఉద్యోగమూ పౌరసత్వమూ పోగొట్టుకున్న మనిషిని సాటి వాద్యకారుడిగా ఎదుట కూర్చోబెట్టుకునే స్నేహం అది. ఆ అక్టోబరు 17న ఆయన న్యూయార్క్‌లో దిగారు. మూడు నెలలకే, 1934 జనవరిలో, తనలాగే నిలువనీడ కోల్పోయిన బెర్లిన్ శాస్త్రవేత్తల సహాయార్థం జరిగిన కచేరీలో వయొలిన్ విద్వాంసుడు టోషా సైడెల్‌తో కలిసి బాఖ్ రచించిన జంట వయొలిన్ల కన్చెర్టో వాయించారు. పడవ తనకు మాత్రమే ఉపయోగపడింది. వయొలిన్ ఆయన చేత ఇతరులకు సాయం చేయించగలిగింది.

నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. ప్రవాసికి కరువయ్యేది ఏకాంతం కాదు, అది అడగకుండానే దొరుకుతుంది. కరువయ్యేది తన లోకం తెలిసిన తోడు. ఐన్‌స్టీన్ ఇంగ్లీషు చివరిదాకా పలుకుబడిలోనూ వాక్యంలోనూ తడబడుతూనే ఉండేది. మెర్సర్ వీధి 112వ నంబరు ఇంట్లో కార్యదర్శి హెలెన్ డూకాస్‌తోనూ, 1939లో వచ్చి చేరిన చెల్లెలు మాయాతోనూ జర్మన్‌లోనే మాట్లాడుకునేవారు. ఆ గుమ్మం దాటితే ఆ భాషలో మనసు విప్పదగిన వారు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతమంది. మొజార్ట్ చతుర్వాద్య రచన ముందుంటే మాత్రం ఉచ్చారణ ఎవరూ పట్టించుకోరు. న్యూజెర్సీలో పుట్టిన వాద్యకారుడైనా, వియన్నా నుంచి వచ్చినవాడైనా ఒకే పుటలో ఒకే చోటికి చేరుకుంటారు. జర్మన్ పాలకుల మీద, వారికి తలవంచిన విద్వాంసుల మీద ఆయన కోపం చల్లారలేదు. 1949లో పుట్టిన ఊరు ఉల్మ్ ఇవ్వజూపిన గౌరవ పౌరసత్వాన్ని తిరస్కరించారు, జర్మన్ శాస్త్ర పరిశోధన సంస్థ మాక్స్ ప్లాంక్‌లో సభ్యత్వానికీ ఒప్పుకోలేదు. కానీ బాఖ్, షూబర్ట్ మాత్రం దూరం కాలేదు. నాజీలు తలకెత్తుకున్న స్వరకర్త వాగ్నర్ ఆయనకు ఏనాడూ నచ్చలేదు కనుక ఆ వైపు వదులుకోవలసిందీ లేదు. దేశాన్ని పూర్తిగా కాదనుకుంటూనే, ఆ దేశం తనలో పెంచిన మంచి భాగాన్ని కాదనుకోకుండా ఉండే దారి సంగీతం చూపించింది. సరస్సు ఏ దేశంలోనైనా సరస్సే కాబట్టి పడవ ఈ పని చేయలేదు.

రెండు వ్యాపకాలూ పక్కపక్కన సాగిన కాలం 1939 వేసవి. న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లో నాసౌ పాయింట్ దగ్గర అద్దె ఇంట్లో ఉంటూ, పగలు అమెరికాలో తనకున్న టీనెఫ్ అనే చిన్న పడవలో పెకోనిక్ అఖాతంలో తిరిగేవారు. సాయంత్రం సౌత్‌హోల్డ్‌లో దుకాణం నడిపే డేవిడ్ రోత్‌మన్‌తో, ఆయన మిత్రులతో కలిసి వాయించేవారు. రోత్‌మన్ భౌతికశాస్త్రవేత్త కాదు, విద్యావేత్త కాదు, ఊళ్ళో చెప్పులూ సామానూ అమ్మే వ్యాపారి, సంగీతమంటే ప్రాణమిచ్చే మనిషి. వేసవికి వచ్చిపోయే అతిథికీ అక్కడి దుకాణదారుకీ మధ్య అంత స్నేహం పడవ వల్ల కుదిరేది కాదు. జూలైలో భౌతికశాస్త్రవేత్తలు సిలార్డ్, విగ్నర్ ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది అణుబాంబుకు దారితీయగల యురేనియం విషయం మాట్లాడడానికి. దానితో చరిత్ర మలుపు తిరిగింది గానీ, ఆ కథ అందరికీ తెలిసిందే.

సంగీతం తలుపు తెరిచిన మరో సందర్భం 1937 ఏప్రిల్ నాటిది. ప్రిన్స్‌టన్‌లో పాడడానికి వచ్చిన నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్‌కు అక్కడి హోటల్ గది ఇవ్వడానికి నిరాకరిస్తే, ఐన్‌స్టీన్ తన ఇంట్లో ఆతిథ్యమిచ్చారు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. మన వైపు నుంచి చూసినా ఇలాంటి ముడి ఒకటి ఉంది. 1930లో కాపుట్ ఇంటికి వచ్చిన రవీంద్రనాథ్ టాగూరుతో ఆయన ముందుగా సత్యం గురించి వాదించారు. అదే ఏడాది జరిగిన మరో సంభాషణలో మాత్రం రాగపు పరిధిలో భారతీయ గాయకుడికి ఉండే స్వేచ్ఛ గురించి శ్రద్ధగా అడిగి తెలుసుకున్నారు. ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో అదే వయొలిన్ మన రాగాలను ఎలా పలికిందో ఎరిగిన తెలుగువారికి ఆ ప్రశ్న విలువ వేరే చెప్పనక్కరలేదు.

పైపు, నడక కూడా ఆయన రోజువారీ సుఖాల్లో ఉన్నాయి గానీ ఈ రెండింటికి పోటీ కావు. పైపును వైద్యులు వద్దంటూ వచ్చారు. తాను పనిచేసే పరిశోధన సంస్థ నుంచి ఇంటికి తర్కశాస్త్రవేత్త కూర్ట్ గోడెల్‌తో జర్మన్‌లో మాట్లాడుకుంటూ నడిచే నడక మాత్రం నిజంగా గొప్పది, కాకపోతే అది గోడెల్ ఉన్నందువల్ల వచ్చిన గొప్పతనం.

వయొలిన్‌కూ ఒక పెద్ద లోటు ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. వేళ్ళు సహకరిస్తేనే అది పలుకుతుంది. వయసు మీద పడ్డాక తన వాయిద్యం తన చెవికే నచ్చక ఆయన దాన్ని పక్కన పెట్టి, ఒంటరిగా పియానో ముందు కూర్చుని తోచినది వాయించుకునేవారు. గాలి చూసి చుక్కాని తిప్పడానికి అంత నైపుణ్యం అక్కరలేదు. అలసిన మనిషికి పడవే సులువు. ఈ కారణంగా ముసలితనంలో పడవే మేలని వాదించేవారితో నేను పూర్తిగా విభేదించలేను. అయినా 1952లో జరిగినది నన్ను మళ్ళీ వయొలిన్ వైపే లాగుతుంది. జూలియర్డ్ క్వార్టెట్ అనే నలుగురి బృందంలోని వాద్యకారులు మెర్సర్ వీధి ఇంటికి వచ్చి, కాసేపు తాము వినిపించి, ఆ తర్వాత ఆయన్ను కూడా వాయించమని పట్టుబట్టారు. చెయ్యి బాగాలేదని ముందు వెనకాడినా, చివరికి జి మైనర్‌లోని మొజార్ట్ పంచవాద్య రచనకు ఒప్పుకున్నారు. వేగం తగ్గించి వాయించారట. స్వరలిపి వైపు పెద్దగా చూడనేలేదని, సాధన లేకపోయినా శ్రుతీ కలయికా చెడలేదని ఆ బృందపు వయొలిన్ వాద్యకారుడు రాబర్ట్ మాన్ తర్వాత గుర్తు చేసుకున్నారు. ఏళ్ళ తరబడి ముట్టుకోకపోయినా తిరిగి అందుకోగలిగేంత లోతుగా అది ఆయనలో ఇంకిపోయింది.

చివరిగా వారసత్వం లెక్క. తన వయొలిన్లలో ఒకదాన్ని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒక పారిశుధ్య కార్మికుడి కొడుక్కి, నేర్చుకుంటున్నాడని తెలిసి ఇచ్చేశారు. మరొకటి వీలునామాలో మనవడు బెర్న్‌హార్డ్‌కు రాశారు. ఒక పరాయి కుర్రవాడికీ ఒక సొంత మనవడికీ తనకు ప్రియమైనది స్వయంగా అందించగలగడం ప్రవాసికి చిన్న విషయం కాదు, ట్యూమ్లర్ విషయంలో ఆ అవకాశాన్ని ఆయన నుంచి లాక్కున్నారు.