పాత అంబాసిడర్‌కు ఆక్సిజన్ సెన్సార్: ఇంజిన్ దగ్గరా, సైలెన్సర్ చివరా?

విజయనగరంలో పాత అంబాసిడర్‌ను ఇప్పటికీ ప్రేమగా నడిపేవాళ్లకు కార్బురేటర్ సరిచేసేటప్పుడు ఈ సందేహం తప్పదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి, పెట్రోలుకు గాలి ఎన్ని పాళ్లు కలుస్తోందో మీటరు మీద చూపించే సెన్సార్‌ను ఇంజిన్ దగ్గరి పొగ గొట్టానికి బిగించాలా, సైలెన్సర్ చివర తగిలించాలా?

ఖర్చు, శ్రమ: ఇంజిన్ వైపైతే గొట్టానికి రంధ్రం చేసి, సెన్సార్ బిగించడానికి మరలున్న ఉక్కు రింగును వెల్డింగ్ చేయించాలి. చివరనైతే క్లాంపు, పది నిమిషాలు.

నమ్మకం: అసలు తేడా ఇక్కడే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. బండి నిలబడి ఇంజిన్ నిదానంగా తిరిగేటప్పుడు పొగ విడతలుగా వస్తుంది. ఆ విరామాల్లో బయటి గాలి గొట్టం చివరలోకి చొరబడుతుంది. మీటరు 16 చూపిస్తుంది. పెట్రోలు చాలడం లేదనుకుని, అది పెరిగేలా కార్బురేటర్ స్క్రూ తిప్పుతాం. తర్వాత ప్లగ్గు విప్పితే కాటుకలా మసి! అతుకుల్లో చిల్లులున్నా ఇదే మోసం. నాలుగు సిలిండర్ల పొగ కలిసిన చోటు దాటాక పెట్టిన సెన్సార్‌కు ఈ బెడద చాలా తక్కువ.

ప్రమాదం: ఇంజిన్‌కు మరీ ఆనిస్తే వేడికి సెన్సార్ చెడుతుంది. గొట్టం కింది వైపు పెడితే నీరు చేరి లోపలి పింగాణీ పగులుతుంది. పైవైపునే, నేలకు సమాంతరమైన గీతకు కనీసం 10 డిగ్రీలు ఎత్తుగా, మొన కిందికి ఉండాలి.

కారు అసలు రూపం చెదరకూడదనుకుంటే, ఒక్కసారి చూసుకోవడానికే అయితే, క్లాంపు చాలు. లోతుగా దూర్చి, ఇంజిన్ వేగం పెంచినప్పటి అంకెనే నమ్మండి. శ్రీకాకుళం హైవే మీద పరుగులో చూసుకుంటూ జెట్లు (కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల బిళ్లలు) మార్చేవాళ్లు మాత్రం వెల్డింగే చేయించండి.