ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పాటు కటిలో ఇంకో గడ్డ కనబడితే ఏది మేలు?

ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలాక తీసిన స్కాన్‌లో, వెన్నెముక కింది కొసన త్రికాస్థి ముందు ఇంకో గడ్డ కనబడితే ఇంట్లోవాళ్లు అనుకునేది ఒకటే: "పాకేసింది". పాకకపోయి ఉండొచ్చు. నరం పైపొరలో పుట్టే ష్వానోమా అనే గడ్డ అక్కడ అరుదుగా వస్తుంది. దాదాపు ఎప్పుడూ అది క్యాన్సర్ కాదు. చిక్కేమిటంటే, ప్రోస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో వెతికే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో అది కూడా వెలగొచ్చు. ఆ స్కాన్ పట్టుకునే ప్రోటీన్ ప్రోస్టేట్ కణాల్లోనే కాదు, వేరే గడ్డల్లో కొత్తగా పుట్టే రక్తనాళాల్లోనూ ఉంటుంది.

అందుకే ముందు ఎమ్మారై చూడాలి. అందులో టీ2 అనే రకం చిత్రంలో గడ్డ అంచు తెల్లగా, నడుమ నల్లగా ఉండి, ఒక కొసన నరం అందులోకి దిగుతూ కనబడితే నరం గడ్డ అన్న నమ్మకం పెరుగుతుంది. పెట్‌లో వెలగక, నొప్పీ తిమ్మిరీ లేకపోతే కనిపెట్టి చూడటమే మేలు. ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి. కిడ్నీలో రాయికని ఎప్పుడో తీయించిన సీటీ ఉంటే వెతికి తీసుకెళ్లండి. అందులోనూ గడ్డ అదే సైజులో ఉంటే సగం భయం తీరినట్టే.

వెలిగితే సంగతి వేరు. ఒంట్లో అనుమానం ఉన్న చోటు అదొక్కటే అయితే మొత్తం వైద్యం దాని మీదే ఆధారపడుతుంది. పాకిందని తీర్మానిస్తే, నయం చేసే ఉద్దేశంతో అనుకున్న ఆపరేషన్ ఆగిపోవచ్చు. హార్మోన్ ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి సాగొచ్చు. వాటితో ఒంట్లో ఆవిర్లు, నీరసం, ఎముకలు గుల్లబారడం. అలాంటప్పుడు ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించకుండా స్టేజ్ 4 అనే మాట ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం. సూది నరానికి తగిలితే కాల్లోకి జివ్వున నొప్పి లాగొచ్చు, నరం దెబ్బతినే ప్రమాదమూ కొంత ఉంది. అయినా సీటీలో చూస్తూ లావు సూదితో తీయిస్తే మంచిది. సన్నసూదితో లాగిన కణాలతో చాలాసార్లు ఏదీ తేలదు. ల్యాబ్‌లో ఆ ముక్క, నరం గడ్డ కణాల్ని గుర్తించే ఎస్-100 పరీక్షకు బలంగా రంగు పట్టి, ప్రోస్టేట్ కణాల్ని గుర్తించే ఎన్‌కేఎక్స్3.1కి పట్టకపోతే అది ష్వానోమా అనే చెప్పొచ్చు.

"ఎలాగూ ప్రోస్టేట్ తీస్తున్నారుగా, దాన్నీ తీసేయమందాం" అనే ఆలోచన మాత్రం వద్దు. మూత్రం, మలం ఆపుకునే పట్టు, అంగస్తంభన అక్కడి ఎస్2, ఎస్3, ఎస్4 నరాల చేతిలో ఉన్నాయి. ప్రోస్టేట్ ఆపరేషన్‌తో మూత్రానికీ స్తంభనకూ ఎలాగూ ముప్పు ఉంది, దానికి ఇంకోటి తోడవుతుంది. గడ్డ పెరుగుతున్నా, నొప్పి పెడుతున్నా, మూత్రాశయాన్ని నొక్కుతున్నా అప్పుడు తీయించాలి. అదీ పైపొర విప్పి గడ్డను ఒలిచి, పక్క నరాల పోగుల్ని కాపాడగల సర్జన్ చేతనే.