నెమేయాలో ఉత్తికాళ్ల పరుగు: ఏథెన్స్, ఒలింపియాలతో పోలిస్తే

పాత గ్రీకు ఆటలు మళ్లీ ఎలా బతికాయో చూడాలనుకునేవాళ్లు ఎక్కువగా ఏథెన్స్, ఒలింపియా చూసి తిరిగొచ్చేస్తారు. రోజు ఒక్కటే మిగిలి ఉంటే మాత్రం, ఒలింపియాలాగే పాతకాలపు పోటీలు జరిగిన నెమేయాకు వెళ్లండి.

ఏథెన్స్‌లో 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియం ఊరి నడిబొడ్డునే ఉంది, గంటన్నర చాలు. జప్పాస్ అనే ధనికుడు వదిలివెళ్లిన సొమ్ముతో 1870, 1875ల్లోనూ ఇక్కడ ఆటలు పెట్టారు. మలుపులు ఎంత ఇరుకో ట్రాక్ మీద నడిస్తేనే తెలుస్తుంది. పాత ఒలింపిక్స్ జరిగిన ఒలింపియా ఏథెన్స్‌కు దాదాపు 300 కిలోమీటర్ల దూరం. బస్సులో పిర్గోస్ దాకా వెళ్లి అక్కడ మారాలి, కాబట్టి రాత్రి బస తప్పదు. మ్యూజియం కోసమైనా వెళ్లదగ్గ చోటు.

నెమేయా సంగతి వేరు. తవ్వకాలు నడిపిన స్టీఫెన్ మిల్లర్, స్థానికులు కలిసి 1996 జూన్ 1న ఇక్కడ పాత పద్ధతిలోనే పోటీలు పెట్టారు. అప్పటినుంచి సుమారు నాలుగేళ్లకోసారి జరుగుతున్నాయి. ఏ దేశం వాళ్లయినా, ఏ వయసు వాళ్లయినా ముందుగా పేరు నమోదు చేసుకుని పరుగెత్తవచ్చు. చెప్పులుండవు. తెల్లటి పొడుగు చొక్కా వేసుకుని, 36 మీటర్ల రాతి సొరంగం దాటి ట్రాక్ మీదికి రావాలి. సొరంగం గోడ మీద పాతకాలంలో ఒకడు 'అక్రోటాటోస్ అందగాడు' అని గీకితే, పక్కనే ఇంకొకడు 'రాసినవాడికి' అని చేర్చాడు, అంటే రాసినవాడి కంటికే అందగాడని వెక్కిరింత. రాతలు సన్నగా ఉంటాయి, ఫోన్ లైటు పక్కనుంచి పడితేనే కనిపిస్తాయి.

బయల్దేరే చోట రాతిలో రెండు సన్నటి గాడులు ఉంటాయి, ముందు కాలి వేళ్లు ఒకదానిలో, వెనక కాలివి ఇంకోదానిలో ఆనించాలి. ఎదురుగా నిలువు కొయ్యలకు కట్టి, మోకాలి ఎత్తున, నడుము ఎత్తున రెండు తాళ్లు. మెలిపెట్టిన తాడు బిగువు వదలగానే కొయ్యలు ముందుకు పడి దారి తెరుచుకుంటుంది. తొందరపడి కదిలితే కాళ్లు తాళ్లలో చిక్కుకుంటాయి. పరుగు 90 మీటర్లే, అయినా జూన్ ఎండకు మట్టి కాలుతుంది, నీడ ఉండదు. కొన్ని వారాల ముందునుంచే ఉత్తికాళ్లతో మట్టిలో నడవడం అలవాటు చేసుకోవాలి. పొద్దుటి పందెం దొరికితే వదలొద్దు. గెలిచినవాళ్లకు పతకం ఉండదు, అడవి సెలరీ ఆకుల కిరీటం పెడతారు.

చాలామంది పొరబడేది ఊరి పేరు దగ్గర. నెమేయా పట్నం వేరు, తవ్వకాలున్న 'అర్హేయా నెమేయా' వేరు, మధ్య కొన్ని కిలోమీటర్లు. బస్సెక్కేముందే కండక్టరుకు ఈ రెండో పేరు చెప్పండి. గుడి, మ్యూజియం ఒకచోట, స్టేడియం అక్కడికి 400 మీటర్ల దూరంలో, కాబట్టి టికెట్ పారేయకండి. చలికాలంలో ఇలాంటి చోట్లు మధ్యాహ్నం మూడున్నరకే మూసేస్తుంటారు.

బసకు దగ్గర్లోని రేవు ఊరు నాఫ్‌ప్లియో బాగుంటుంది. కానీ పాత ఊళ్లో గదులకు మెట్లెక్కాలి, పెట్టెలు బరువైతే కష్టం. కారు రేవు దగ్గర ఆపుకోవాలి. కొరింత్ సాదా ఊరే అయినా ఏథెన్స్ నుంచి రైలుంది, కారు లేనివాళ్లకు అదే నయం. అక్కడినుంచి టాక్సీ మాట్లాడుకుంటే, తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట తీసుకోండి. స్టేడియం దగ్గర ఖాళీ టాక్సీ దొరకడం కష్టం.