మోడల్ రాకెట్ స్టార్టర్ కిట్: బాల్సాకి మంచి మార్కులు, రబ్బరు తాడుకి కోత

మోడల్ రాకెట్లు మొదలుపెట్టాలనుకునేవాళ్లకి స్టార్టర్ కిట్లు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకదాంట్లో ఫిన్‌లు (రాకెట్ అడుగున ఉండే చిన్న రెక్కలు) అప్పటికే అతికించి ఉంటాయి, పెట్టె తెరిచి ఎగరేయడమే. రెండోదాంట్లో కాగితపు గొట్టం, బాల్సా అనే తేలికైన చెక్క, ప్లాస్టిక్ ముక్కు, పారాచూట్ అన్నీ విడివిడిగా ఉంటాయి, మనమే కట్టుకోవాలి. నేను కొన్నది రెండోది. లాంచ్ ప్యాడ్, బటన్ ఉన్న కంట్రోలర్ కూడా అందులోనే వచ్చాయి. మోటార్లు మాత్రం విడిగా కొనాలి. వాటి విషయంలో ఏ దేశం రూల్స్ ఆ దేశానివి కాబట్టి కిట్ కొనేముందే కనుక్కోండి.

బాల్సాతో విమానాల మోడల్స్ చేయడం నాకు పాత పిచ్చి, అందుకే పెట్టె తెరవగానే చెయ్యి చెక్క మీదకే పోయింది. మంచి చెక్కే పెట్టారు. చెక్క నార ఫిన్ ముందు అంచు వెంబడి పోయేలా కోశారు. నార అడ్డంగా ఉంటే నేలకి తగిలినప్పుడు ఫిన్ పుటుక్కున విరుగుతుంది. గొట్టం మీద ఫిన్‌లు సమాన దూరంలో గీసుకోవడానికి కాగితపు గైడ్ కూడా ఇచ్చారు. తెల్ల జిగురు చాలు. ఆరాక ఫిన్ మొదట్లో రెండువైపులా ఇంకో పూత వేస్తే బాగా గట్టిపడుతుంది.

కిట్‌తో ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. సగం రాకెట్ చరిత్ర, సగం కట్టే పద్ధతి. చైనా అగ్ని బాణాలు, మైసూరు రాకెట్లు, అమెరికా శాస్త్రవేత్త గొడార్డ్, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన వీ-2 క్షిపణి, మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ వరుసగా వస్తాయి. బొమ్మలు బాగున్నాయి. నా ఫిర్యాదల్లా ఒకటే: ఆ కథకీ మన చేతిలో ఉన్న గొట్టానికీ సంబంధం ఏమిటో ఎక్కడా చెప్పలేదు. రాకెట్‌ని ఎగరేయడం కన్నా తిన్నగా పోయేలా చేయడమే వందల ఏళ్లు తిప్పలు పెట్టింది. టిప్పు సుల్తాన్ సైన్యం వాడిన ఇనప గొట్టాలకి వెనక పొడుగాటి వెదురు కర్ర కట్టేవాళ్లు. అది లేకపోతే పిల్లిమొగ్గలే. శ్రీరంగపట్నంలో దొరికిన ఆ రాకెట్లని చూసి ఇంగ్లండ్‌లో విలియం కాంగ్రీవ్ అనే ఆయన తన రాకెట్లు చేశాడు, వాటికీ కర్రే. 1844లో విలియం హేల్ కర్ర తీసేసి, రాకెట్ తన చుట్టూ తానే గిర్రున తిరిగేలా చేశాడు.

1926 మార్చి 16న గొడార్డ్ ఎగరేసిన మొదటి ద్రవ ఇంధన రాకెట్ బొమ్మ ఈ పుస్తకంలో ఉంది. అది రెండున్నర సెకన్లు ఎగిరి 41 అడుగుల ఎత్తుకి వెళ్లింది. మా అమ్మాయి ఆ బొమ్మ చూసి "నాన్నా, ఇంజన్ పైన పెట్టాడేంటి?" అంది. పైనుంచి లాగితే కింది బరువు వేలాడి నిటారుగా ఉంటుందని గొడార్డ్ అనుకున్నాడు. అలా జరగదు. రాకెట్ ఒరిగితే ఇంజన్ కూడా దాంతోపాటే ఒరుగుతుంది, తోపు కూడా అటే తిరుగుతుంది. తర్వాత ఆయన గైరోస్కోప్‌ల (వేగంగా తిరుగుతూ దిశ తప్పకుండా చూసే చక్రాలు) వైపు మళ్లాడు. ఇంత మంచి బొమ్మ వేసి ఈ నాలుగు ముక్కలు రాయకపోవడం నాకు నచ్చలేదు.

మన చిన్న రాకెట్‌కి గైరోస్కోప్ ఉండదు, ఫిన్‌లే దిక్కు. బరువు కేంద్రం ముందు, గాలి ఒత్తిడి కేంద్రం (గాలి తోపంతా కలిసి పనిచేసే చోటు) వెనక ఉండాలి. రెంటి మధ్య కనీసం గొట్టం వ్యాసమంత దూరం ఉంటే ధైర్యంగా ఎగరేయొచ్చు. పరీక్ష సులువు: మోటారు, పారాచూట్ అన్నీ పెట్టి, బరువు సరిపోయే చోట దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పాలి. ముక్కు ముందుకి ఉంచి తిరిగితే సరే. వంకరగా తిరిగితే ముక్కులో కాస్త బరువు పెట్టాలి. ఈ దారం పరీక్ష పుస్తకంలో లేదు. కిట్‌లోని మా రాకెట్ మాత్రం ఏ బరువూ అక్కర్లేకుండానే నెగ్గింది. అంటే డిజైన్ చేసినవాళ్లకి తెలుసు, రాసినవాళ్లే వదిలేశారు.

మోటారు మీద సీ6-5 లాంటి కోడ్ ఉంటుంది. అక్షరం మోటారు మొత్తంగా ఇచ్చే ఊపు (తోపుని అది ఉన్న సెకన్లతో గుణిస్తే వచ్చేది), ఒక్కో అక్షరానికీ గరిష్ఠ పరిమితి రెట్టింపవుతుంది: ఏ అంటే 2.5 న్యూటన్-సెకన్ల వరకు, బీ 5 వరకు, సీ 10 వరకు. మధ్య అంకె సగటు తోపు, న్యూటన్లలో. చివరిది మోటారులోని మందు కాలిపోయాక పారాచూట్ బయటికి నెట్టేదాకా పట్టే సెకన్లు. పెట్టె మీద గొప్పగా అచ్చేసిన ఎత్తు సీ మోటారుతోనే వస్తుంది. మైదానం చిన్నదైతే 'ఏ' అక్షరం ఉన్న మోటారుతో మొదలుపెట్టండి, లేకపోతే గాలికి పారాచూట్ ఎటు పోతుందో చెప్పలేం.

ప్యాడ్ మీద నిలబెట్టే లాంచ్ రాడ్ గట్టిగానే ఉంది. వేగం అందుకునేదాకా ఫిన్‌లు పనిచేయవు, ఆ కాసేపూ దారి చూపేది రాడ్డే. కంట్రోలర్‌కి సేఫ్టీ కీ ఉంది, వైరు అయిదు మీటర్లు దాటి ఉంది, బాగుంది. బటన్ నొక్కినా వెలగకపోతే కీ తీసి, నిమిషం ఆగి, అప్పుడు దగ్గరికి వెళ్లాలి. ఈ రూల్ మాత్రం పుస్తకంలో పెద్ద అక్షరాలతో వేశారు.

ముక్కునీ గొట్టాన్నీ కలిపే రబ్బరు తాడు నాసిరకం. పొట్టిగా ఉంది, పారాచూట్ తెరుచుకున్నప్పుడు ముక్కు వెనక్కి కొట్టుకుని గొట్టం అంచు చీలింది. బట్టలకి వాడే సన్నని ఎలాస్టిక్‌ని గొట్టం పొడవుకి రెండింతలు తీసుకుని మార్చాను, తర్వాత ఇబ్బంది లేదు. మీరు కట్టేటప్పుడే మార్చేయండి.

పుస్తకంలో నాకు బాగా నచ్చిన పేజీ చిట్టచివర ఉంది. 1950లలో కుర్రాళ్లు ఇనప పైపుల్లో సొంతంగా మందు కూరి ఒళ్లు కాల్చుకునేవాళ్లు. అమెరికాలో నెబ్రాస్కాకి చెందిన చెప్పుల వ్యాపారి ఆర్విల్ కార్లైల్‌కి బాణసంచా పిచ్చి, ఆయన సోదరుడు రాబర్ట్‌కి విమానాల మోడల్స్ పిచ్చి. 1954లో ఇద్దరూ కలిసి కాగితపు గొట్టంలో మార్చుకునే మోటారు పెట్టి రాకెట్ చేశారు. అమెరికా క్షిపణి పరీక్షా కేంద్రం వైట్ శాండ్స్‌లో పనిచేసిన హ్యారీ స్టైన్ ఆ పద్ధతిని జనంలోకి తీసుకెళ్లాడు. వెర్నాన్ ఎస్టెస్ మేబెల్ అనే యంత్రంతో మోటార్లు గబగబా తయారు చేశాడు. లోహం వాడొద్దు, మందు మనం కలపొద్దు, వాడిన మోటారుని మళ్లీ నింపొద్దు అన్న రూల్స్ ఈ కథలోంచే వచ్చాయి.

పారాచూట్ కింద కూరే మంట అంటుకోని కాగితం కిట్‌లో కొంచెమే ఇచ్చారు. మోటార్లు కొనేటప్పుడు అది కూడా ఒక ప్యాకెట్ అడిగి తీసుకోండి. మామూలు టిష్యూ పేపర్ పెడితే పారాచూట్ కాలిపోవడమే కాదు, నిప్పు గడ్డిలో పడుతుంది.