కొత్త క్వార్టర్ల రోల్స్: బ్యాంకువి కొనాలా, టంకశాలవి కొనాలా?

క్వార్టర్ అంటే అమెరికా పావు డాలర్ నాణెం. ప్రముఖ మహిళల పేరిట తెచ్చిన అమెరికన్ విమెన్ క్వార్టర్లు 2022 నుంచి 2025 దాకా ఏడాదికి ఐదు చొప్పున 20 డిజైన్లు వచ్చాయి. వీటిలో గీత పడని, ముద్ర నిండుగా పడిన నాణెం కోసం వెతికేవాళ్ళకు మూడు దారులున్నాయి. బ్యాంకు కౌంటర్‌లో అడిగి తీసుకునే 10 డాలర్ల రోల్ (40 నాణేల చుట్ట) ఒకటి. ముందుగా చెప్పి తెప్పించుకునే 500 డాలర్ల పెట్టె రెండోది. అమెరికా టంకశాల నేరుగా అమ్మే రోల్స్, 100 నాణేల సంచులు మూడోది. నాణ్యతే ముఖ్యమైతే పెట్టెకే మా ఓటు. టంకశాల రోల్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం రెండు సందర్భాల్లోనే సబబు, అవి తర్వాత చెబుతాం.

ముందు ఒక అపోహ. సీలు విప్పని రోల్ అంటే లోపలివి చేతులు మారలేదని మాత్రమే అర్థం, గీతలు లేవని కాదు. అచ్చు దిగిన నాణెం తొట్టిలో తోటి నాణేల మీద పడుతుంది. లెక్కింపు యంత్రం దాటుతుంది. పెద్ద సంచుల్లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌కూ, అక్కణ్ణుంచి రోల్స్ చుట్టే కంపెనీకీ వెళ్తుంది. ఒక్కో క్వార్టర్ 5.67 గ్రాములు. అలాంటివి వేలకు వేలు ఒకదానిమీద ఒకటి దొర్లితే చెంప మీద నొక్కు పడకుండా ఉండడం అరుదే. టంకశాల తన సొంత రోల్స్‌ను కూడా చలామణీ నాణ్యతవే అని చెప్పి అమ్ముతుంది. వాటికి ప్రయాణం తక్కువ కాబట్టి కొట్టుకోవడం కొంత తగ్గుతుంది, అంతే. అచ్చులు అవే, యంత్రాలు అవే.

లెక్క చూస్తే, టంకశాల రెండు రోల్స్ సెట్‌లో ఫిలడెల్ఫియావి 40, డెన్వర్‌వి 40 ఉంటాయి. ముఖవిలువ 20 డాలర్లు. అమ్మకం ధర దానికన్నా బాగా ఎక్కువ, పోస్టేజీ అదనం. నచ్చనివి ఖర్చు చేసుకున్నా ఆ తేడా తిరిగి రాదు. బ్యాంకు పెట్టెలో 50 రోల్స్, అంటే 2000 నాణేలు, 11 కిలోల పైచిలుకు బరువు. నచ్చినవి ఉంచుకుని మిగతావి బ్యాంకులో వేసేస్తే ఖర్చు దాదాపు సున్నా. 80 చూసి ఏరడానికీ 2000 చూసి ఏరడానికీ ఉన్న తేడాయే అసలు సంగతి.

అయితే పెట్టెకు ఒక పెద్ద లోపం ఉంది. కొత్తవే వస్తాయన్న హామీ లేదు, ఫలానా డిజైన్ కావాలని అడిగినా టెల్లర్ చేతిలో ఏమీ ఉండదు. పాతవి, కొత్తవి కలిసిన పెట్టె రావడం మామూలే. అందుకే ముందు కౌంటర్‌లో ఒకట్రెండు రోల్స్ తీసుకుని చూడాలి. కస్టమర్లు చేత్తో చుట్టి ఇచ్చినవి కాకుండా యంత్రం చుట్టినవి అడగాలి. పారదర్శక ప్లాస్టిక్ చుట్టు అయితే విప్పకుండానే తెలిసిపోతుంది. క్వార్టర్ లోపల అచ్చ రాగి, పైన రాగి-నికెల్ పొర. కొత్త నాణేల అంచుల్లో ఆ రాగి చార ఒకే ఎర్రదనంతో రోల్ పొడవునా కనిపిస్తుంది. మధ్యమధ్య నల్లబడిన అంచులుంటే అది కలగాపులగం రోల్. కాగితం చుట్టు అయితే రెండు కొసల్లో కనిపించే నాణేలే ఆధారం. రెండూ తళతళలాడుతుంటే అదే రవాణాలో వచ్చిన పెట్టె అడగొచ్చు.

ప్రాంతాన్ని బట్టి వచ్చేవి మారతాయి. న్యూజెర్సీ వైపు ఎక్కువగా పి (ఫిలడెల్ఫియా టంకశాల) గుర్తువి, డల్లాస్ వైపు డి (డెన్వర్) గుర్తువి దొరుకుతాయి. చర్లపల్లి టంకశాల నక్షత్రాన్ని సంవత్సరం కింద వెతకడం అలవాటైన మనవాళ్ళు ఇక్కడ బొమ్మ వైపు చిన్న అక్షరం కోసం చూడాలి. టంకశాల రోల్ కొనడానికి మొదటి కారణం ఇదే: అవతలి తీరం గుర్తు మీ ఊళ్ళో దొరక్కపోతే. రెండో కారణం ఎస్ గుర్తు. శాన్ ఫ్రాన్సిస్కో ఎస్ క్వార్టర్లు చలామణీలోకి వదలరు, బ్యాంకు పెట్టెలు ఎన్ని విప్పినా ఆశ పెట్టుకోనక్కర్లేదు.

రోల్ విప్పడంలోనే చాలామంది నాణేన్ని పాడుచేస్తారు. దుకాణంలో గల్లాపెట్టె అంచుకు కొట్టి విప్పినట్టు అసలు కొట్టకూడదు. ఆ ఒక్క దెబ్బకు లోపల 40 నాణేల మీదా గాట్లు పడొచ్చు. మెత్తటి బట్ట పరిచి, కాగితాన్ని పొడవునా చీల్చి, నెమ్మదిగా ఒరగనివ్వాలి. కొసల్లోని రెండు నాణేలకు చుట్టు మడిచే యంత్రం గుండ్రటి గీత పెడుతుంది కాబట్టి వాటిని ముందే పక్కకు తీసేయొచ్చు. నాణేన్ని ఎప్పుడూ అంచు పట్టుకునే తియ్యాలి. నూలు గ్లౌజులు జారతాయి, శుభ్రంగా కడిగి ఆరిన వేళ్ళే నయం.

వెలుతురు ట్యూబులైటుది పనికిరాదు. 60 లేదా 75 వాట్ల పాతకాలం బల్బు ఒక్కటి, పక్కనుంచి పడేలా పెట్టుకోవాలి. నాణేన్ని వాలుగా తిప్పితే వెలుగు చక్రం ఆకుల్లా తిరగాలి. తిరుగుతూ ఎక్కడైనా తెగితే అక్కడ ఏదో తగిలిందన్నమాట. ముందు లూప్ (చిన్న భూతద్దం) లేకుండా చూసి, నిలిచినవాటినే 5 రెట్లు పెంచి చూపే లూప్‌తో చూడాలి. 10 రెట్ల లూప్ అచ్చు లోపాలు పట్టుకోవడానికి మంచిది. గ్రేడింగ్‌కు, అంటే నాణ్యత స్థాయి తేల్చడానికి, వాడితే ప్రతి నాణెమూ గాయాలపాలైనట్టే కనిపిస్తుంది.

మొదట చూడాల్సింది వాషింగ్టన్ చెంప, దవడ. 2022 నుంచి కుడివైపు చూసే ఈ బొమ్మ లారా గార్డిన్ ఫ్రేజర్ చెక్కినది. చెంప విశాలం, నునుపు, ఏ చిన్న గాటునూ దాచుకోదు. అక్కడ సన్నటి గీతలు నాలుగైదు ఒకదాని పక్కన ఒకటి, దువ్వెన పళ్ళు గుచ్చినట్టు కనిపిస్తే అది పక్క నాణెం అంచు తగిలిన గుర్తు. క్వార్టర్ అంచుకు 119 పళ్ళుంటాయి మరి. బొరుసు వైపు డిజైన్‌ను బట్టి మారుతుంది. మాయా ఏంజెలో నాణెంలో సూర్యకిరణాల గీతలు చిన్న దెబ్బలను దాచేస్తాయి. అన్నా మే వాంగ్ నాణెంలో ముఖమే పెద్దది, చెంపకు చేయి ఆనించుకుని ఉంటుంది, అంతా కనిపించిపోతుంది. కాబట్టి ఆ డిజైన్‌లో శుభ్రమైనది దొరికితే ఎక్కువ జాగ్రత్తగా దాచుకోవాలి.

ఒక తేడా గుర్తుపట్టడం నేర్చుకోవాలి. నొక్కు మెరుస్తూ, అంచులు పైకి లేచి ఉంటే అది ముద్ర పడ్డాక తగిలిన దెబ్బ. మెరుపు లేకుండా, ఎత్తైన భాగంలో చిన్న గుంటల్లా చెదిరి ఉంటే అది ముద్రకు ముందే ఉత్త లోహపు బిళ్ళ మీద ఉన్నది. అచ్చు లోపలికి లోహం పూర్తిగా నిండకపోవడంతో అది చెరగకుండా మిగిలిపోయింది. గ్రేడ్ రెండింటికీ తగ్గుతుంది. కానీ రెండో రకం ఒక నాణెంలో కనిపిస్తే ఆ రోల్‌లో మిగతావాటి ముద్ర కూడా నీరసంగా ఉండే అవకాశం ఎక్కువ, అక్కడ సమయం పెట్టనక్కర్లేదు. వింతలకూ, అంటే ముద్రలో తేడా వచ్చినవాటికీ, ఇదే సూత్రం. 2004లో డెన్వర్ కొట్టిన విస్కాన్సిన్ క్వార్టర్లలో మొక్కజొన్న పొత్తుకు అదనపు ఆకున్నవి టక్సన్ ప్రాంతంలో గుంపుగా బయటపడ్డాయి. ఒకటి కనిపిస్తే ఆ పెట్టె మొత్తం తిరగేయాల్సిందే.

కలగాపులగం పెట్టె వచ్చినా విసుక్కోకండి. 2019, 2020ల్లో వెస్ట్ పాయింట్ టంకశాల డబ్ల్యూ గుర్తుతో పది డిజైన్లు, ఒక్కోటీ 20 లక్షల చొప్పున కొట్టి మామూలు చిల్లరలో కలిపేసింది. 2020వాటికి బొమ్మ వైపు వి75 అన్న చిన్న ముద్ర కూడా ఉంటుంది. కొత్త నాణేల పెట్టెలో ఇవి దొరకవు, పాతవి కలిసిన పెట్టెలోనే దొరుకుతాయి.

40లో రెండు పక్కన పెట్టదగ్గవి వచ్చినా మంచి రోలే. వాటిలో ఎక్కువ, వాడని నాణేలకు 60 నుంచి 70 దాకా ఇచ్చే ఎంఎస్ గ్రేడుల్లో 65, 66 దగ్గరే ఆగుతాయి. ఆ స్థాయి నాణేన్ని గ్రేడ్ ఇచ్చే కంపెనీలైన పీసీజీఎస్‌కో, ఎన్‌జీసీకో పంపితే రుసుము నాణెం ధరను మించిపోతుంది. ఎంఎస్ 67 దాటుతుందన్న నమ్మకం ఉంటేనే పంపాలి. డిజైన్‌కు ఒక మంచి నాణెం చాలు అనుకునేవారు ఇంత శ్రమపడకుండా టంకశాల ఏటా అమ్మే మింట్ సెట్ కొనుక్కోవచ్చు. పి, డి రెండూ ఉంటాయి, ముద్ర కూడా మెరుగు.

దాచడానికి 24 మిల్లీమీటర్ల గాలి చొరని క్యాప్సూల్ వాడాలి. మెత్తగా, ప్లాస్టిక్ వాసన వేసే పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్ళకు పచ్చటి జిగురు పడుతుంది. వేలిముద్ర పడితే అదే రోజు అచ్చమైన అసిటోన్‌లో ముంచి, రుద్దకుండా ఆరనివ్వాలి. కిటికీ తెరిచి, మంటకు దూరంగా చెయ్యాలి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడొద్దు, అందులో నూనెలు, రంగులు కలుస్తాయి. మిగిలిన నాణేలను తెచ్చిన బ్రాంచిలోనే తిరిగి వేస్తే, తర్వాతి వారం మీరు చూసేసిన రోల్సే మళ్ళీ మీకు రావచ్చు. విడి చిల్లర తీసుకునే వేరే బ్యాంకు చూసుకోండి. తీసుకుంటారో లేదో, రుసుమేమైనా ఉందో పెట్టె తెప్పించకముందే అడిగి ఉంచుకోండి.