బీపీకి ‘ప్రిల్’ మాత్రా, ‘సార్టన్’ మాత్రా?

రామిప్రిల్, ఎనాలప్రిల్ ఒక జట్టు. టెల్మిసార్టన్, లోసార్టన్ ఇంకో జట్టు. రెండింటి గురీ ఒకటే, రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్.

ప్రిల్ ఆ హార్మోన్ తయారీని తగ్గిస్తుంది. సార్టన్ తయారీ జోలికి పోదు, హార్మోన్ అతుక్కునే ఏటీ1 గ్రాహకాన్ని మూసేస్తుంది.

ఖర్చు: జనరిక్‌లో రెండూ చవకే.

దగ్గు: అసలు తేడా ఇక్కడే. ప్రిల్ వల్ల ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం పేరుకుని కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. మా పక్కింటి మామ అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం దాకా దగ్గుతూనే ఉన్నాడు, ఆ నెపం మంచు మీదికి నెట్టేశాడు. డాక్టరు సార్టన్‌కు మార్చాక తగ్గింది. ముఖం, నాలుక వాచే ప్రమాదం అరుదు, అదీ ప్రిల్‌తోనే ఎక్కువ.

మెదడు: ఏటీ1 గ్రాహకాలు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాల మీదా ఉంటాయి. అవి అతిగా పనిచేస్తే ఆ కణాలు దెబ్బతింటాయని, క్యాండెసార్టన్ లాంటివి కొంత కాపాడతాయని జంతువుల్లో కనిపించింది. అలాగని ఆ కణాలు నశిస్తే వచ్చే పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) రాకుండా సార్టన్ మింగడం తొందరపాటే. మనుషుల్లో అది ఇంకా రుజువు కాలేదు.

జాగ్రత్త: రెండింటికీ పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) రక్తపరీక్షలు కావాలి. గర్భిణులకు రెండూ వద్దు. రెండూ కలిపి అసలే వద్దు, కిడ్నీకి చేటు.

ప్రిల్ పడినవాళ్లు మార్చుకునే పనిలేదు. దగ్గు వదలకపోతే డాక్టరును అడిగి సార్టన్‌కు మారొచ్చు. ప్రిల్‌తో ఒకసారి ముఖం వాచినవాళ్లు మళ్లీ దాన్ని ముట్టుకోకూడదు.