పీఎఫ్‌ఓఏ ఫ్రీ నాన్‌స్టిక్కా, ఇనప పెనమా? షుగర్ ఉన్న ఇంటికి ఏది మేలు?

"అమ్మకు షుగర్. నాన్‌స్టిక్‌లోని కెమికల్ లివర్‌ను పాడుచేసి షుగర్ పెంచుతుందంటున్నారు. పీఎఫ్‌ఓఏ ఫ్రీ అని రాసున్నది కొంటే సరిపోతుందా, ఇనప పెనానికి మారాలా?" చాలామంది అడుగుతున్నారు. నేనూ ఈమధ్యే పెనం మార్చాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నా లెక్కలో ఇది తేలాల్సింది లివర్ దగ్గరే. తిన్న చక్కెరలో కొంత గ్లైకోజన్‌గా దాచి, పరగడుపున మళ్ళీ గ్లూకోజ్‌గా వదిలేది అదే కదా. పీఎఫ్‌ఓఏ అంటే ఒకప్పుడు నాన్‌స్టిక్ పూత తయారీలో వాడిన ఫ్లోరిన్ రసాయనం, చూడ్డానికి కొవ్వు ఆమ్లంలా ఉండే ఎనిమిది కార్బన్ల గొలుసు. ఒంట్లో చేరాక రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కూ లివర్‌లోని ప్రొటీన్లకూ అతుక్కుంటుంది. కొవ్వు ఆమ్లమే వచ్చిందనుకుని లివర్ కణాల్లో పీపీఏఆర్ ఆల్ఫా అనే స్విచ్ పడుతుంది. దాంతో కొవ్వుతో పాటు చక్కెర లెక్క కూడా మారిపోతుంది. ఎలుకల్లో లివర్ ఉబ్బింది, గ్లైకోజన్ తగ్గింది. మనుషుల్లో ఈ స్విచ్ అంత బలంగా పనిచేయదు. అమెరికా నర్సుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, రక్తంలో పీఎఫ్‌ఓఏ ఎక్కువున్నవాళ్ళకు తర్వాతి ఏళ్ళలో టైప్ 2 షుగర్ ఎక్కువగా వచ్చింది. వెస్ట్ వర్జీనియాలో పీఎఫ్‌ఓఏ వాడిన డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ ఫ్యాక్టరీ చుట్టుపక్కల నీళ్ళు తాగినవాళ్ళను పరిశీలించిన సీ8 సైన్స్ ప్యానెల్ అనే శాస్త్రవేత్తల బృందం మాత్రం, కిడ్నీ క్యాన్సర్‌తో, అధిక కొలెస్టరాల్‌తో సంబంధం ఉండొచ్చని చెప్పి, షుగర్ విషయంలో అలా చెప్పలేదు. అందుకే షుగర్ తెప్పిస్తుందని నేను ఖాయంగా అనను.

మరి పీఎఫ్‌ఓఏ తీసేసి ఏం పెట్టారు? డ్యూపాంట్ 2009లో దాని బదులు జెన్‌ఎక్స్ అనే మరో ఫ్లోరిన్ రసాయనం తెచ్చింది. పీఎఫ్‌ఓఏ ఒంట్లోంచి సగం పోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ళు పడుతుంది, ఇది తొందరగా పోతుందన్నారు. పోతుంది, నిజమే. కానీ రోజూ తాగే నీళ్ళలో ఉంటే పోయినంతా మళ్ళీ చేరుతుంది. నార్త్ కరోలినాలో కేప్ ఫియర్ నది నీళ్ళు తాగే విల్మింగ్టన్ జనానికి తమ నీళ్ళలో జెన్‌ఎక్స్ ఉందన్న సంగతి 2017లో బయటపడింది. 2021లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ దీనికి పెట్టిన హద్దు కిలో బరువుకు రోజుకు 3 నానోగ్రాములు. అది లెక్కగట్టింది లివర్‌కు జరిగే హాని చూసే. చూలు ఎలుకలకు ఇచ్చిన పరీక్షల్లో పిల్లల లివర్ పెద్దదైంది, గ్లైకోజన్ తగ్గింది. పేరు మారినా దెబ్బ పడే చోటు మారలేదు. 'ఫ్రీ' అన్న ముద్ర మీద నాకు నమ్మకం పోయింది ఇక్కడే.

ఒక మాట చెప్పకపోతే అన్యాయం. పెనం మీద గట్టిపడిన పూత నుంచి ఒంట్లోకి చేరేది చాలా తక్కువ. అసలు బరువు మోసేది ఫ్యాక్టరీ దిగువన ఆ నీళ్ళు తాగేవాళ్ళు. షుగర్ ఉన్నవాళ్ళకు నూనె తక్కువ పట్టడం కూడా నాన్‌స్టిక్‌కు మంచి మార్కే. కానీ దోసె పెనాన్ని మనం ఖాళీగానే కాలుస్తాం. 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడడం మొదలవుతుంది.

సిరామిక్ పూతలో ఫ్లోరిన్ ఉండదు గానీ జారుడు ఎక్కువ కాలం నిలవదు. స్టీలు కూరలకు సరే, దోసెకు కాదు.

నేను ఇనప పెనమే తీసుకున్నాను. మొదటి వారం అట్లన్నీ అంటుకున్నాయి. రోజూ నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్దుతూ వచ్చాక ఇప్పుడు అట్టుకు అర చెంచా నూనె చాలు. నాన్‌స్టిక్కే ఉంచుకుంటామంటే, పిండి గరిటె చేతిలోకి తీసుకున్నాకే పొయ్యి వెలిగించండి, మంట మధ్యస్థం దాటనివ్వకండి.